బెంగళూరు దగ్గర పొలంలో హంటింగ్ క్యాబిన్ లాంటి చిన్న గది కట్టుకోవాలంటే ఏమేం చూసుకోవాలి?

ఆనేకల్ అవతల అడవి పక్కన అరెకరం ఉంది, అమెరికాలో వేటకెళ్ళినప్పుడు ఉండే హంటింగ్ క్యాబిన్ల వీడియోల్లో లాగా చెక్కతో చిన్న గది కట్టి, లోపల కట్టెల స్టవ్వు, బంక్ బెడ్ పెట్టుకుని వీకెండ్స్ ఉండొచ్చా అని అడిగారు కదా. ఉండొచ్చండి, చాలా బాగుంటుంది కూడా, కానీ సైజు మాత్రం వాళ్ళ దగ్గర తీసుకోండి, డిజైన్ తీసుకోకండి. మాది ఆనేకల్ దాటాక తమిళనాడులోని తళి వైపు ఉంది, ఒకటే గది, 10 బై 16, ముందు వసారా, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి శనివారం పొద్దున్నే బయల్దేరి పోతాం. అక్కడ ఉండి తెలుసుకున్నవే చెప్తున్నా.

వేట సంగతి ముందు చెప్పేస్తా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపంది, కుందేలు, కౌజు పిట్ట ఏదైనా సరే, మన సొంత పొలంలోకి వచ్చినా సరే మన ఇష్టానికి కొట్టకూడదు, ఉచ్చు పెట్టినా అది వేట కిందే లెక్క. కాబట్టి చూడ్డానికి కట్టుకోండి. మేం కుంట వైపు కిటికీని కుర్చీలో కూర్చుంటే కళ్ళకి సరిగ్గా అందే ఎత్తులో పెట్టించాం, సాయంత్రం లైట్లు ఆపేసి కదలకుండా కూర్చుంటే నెమళ్ళు, పందులు, ఒక్కోసారి జింకలు వచ్చి నీళ్ళు తాగి పోతాయి, నాకైతే అంతకంటే ఏం వద్దు. ఇంకోటి, బన్నేరుఘట్ట నేషనల్ పార్క్ చుట్టూ 168.84 చదరపు కిలోమీటర్లు ఎకో సెన్సిటివ్ జోన్ (కట్టడాలకి ఆంక్షలుండే ప్రాంతం) అని 2020లో నోటిఫై చేశారు, మీ సర్వే నంబర్ అందులో ఉందో లేదో చూసుకున్నాకే మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వండి.

ఆ వీడియోల్లో ఇళ్ళు చలికీ మంచుకీ కట్టినవి, చిన్న కిటికీలు, లోపల వేడి నిలబడాలి. మనకేమో ఏప్రిల్లో వేడి బయటికి పోవాలి, సెప్టెంబర్, అక్టోబర్లలో వాన లోపలికి రాకూడదు, ఏడాది పొడుగునా చెదలు. అందుకే డబ్బు ఎక్కడ పెట్టాలంటే పునాది ఎత్తు, పైకప్పు, నీళ్ళు, బాత్రూం, ఈ నాలుగింటికి ముందు పెట్టేసి మిగిలితే అందం చూసుకోండి. మా ఖర్చులో సగం పైనే వీటికే పోయింది, ఇప్పుడు మళ్ళీ కట్టమన్నా అలాగే కడతా.

పునాది నేల నుంచి 2 అడుగులు రాయితో లేపి, పైన గ్రానైట్ పలకలు గోడకంటే 2 అంగుళాలు బయటికి వచ్చేలా పరిచారు. ఆ 2 అంగుళాలు ఎందుకంటే, చెద పురుగు పైకి ఎక్కాలంటే ఆ అంచు చుట్టూ తిరిగి మట్టి గొట్టం కట్టుకోవాలి, అది మన కంటికి కనిపిస్తుంది, చీపురుతో దులిపేయొచ్చు. చెక్క మీద ఆశ ఉంటే వసారాకి వాడుకోండి, అదీ నేలకి తగలకుండా రాతి కూసాల మీద. గోడలకి మాత్రం సిమెంట్ కలిపిన మట్టి బ్లాకులు వాడాం, బెంగళూరు ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) పల్లెలకి పనికొచ్చే టెక్నాలజీ కోసం 1974లో మొదలైన ఆస్ట్రా అనే విభాగం వాళ్ళు ఏళ్ళ తరబడి వీటి మీద పనిచేశారు. పైపొర మట్టి తీసేసి కింది ఎర్రమట్టిలో ఇసుక, 7-8 శాతం సిమెంట్ కలిపి మెషిన్లో నొక్కి, 3-4 వారాలు తడుపుతారు. ఎండలో కూడా లోపల చల్లగానే ఉంటుంది, కాకపోతే చూరు రెండున్నర అడుగులైనా బయటికి ఉండాలి, లేకపోతే వాన గోడని కొడుతూనే ఉంటుంది.

పైకప్పుకి మంగళూరు పెంకులు బాగుంటాయి కానీ అక్కడ కోతులు ఉన్నాయి, వారానికోసారి వచ్చే మనకి పెంకులు సర్దుకోవడం కుదరదు. రేకులు వేసి కింద ఫాల్స్ సీలింగ్ కొట్టించాం, మధ్యలో గాలి పోవడానికి రెండు వైపులా జాలీ. రేకు స్క్రూలు పల్లంలో కాదు, మిట్ట మీద, రబ్బర్ వాషర్ వేసి బిగించాలి, పక్కనే నిలబడి చూసుకోండి.

ఇక ఏనుగులు. నవంబర్ నుంచి జనవరి దాకా రాగి కోతల టైంలో జవళగిరి, తళి వైపు గుంపులు తిరుగుతాయి. పక్క పొలం తాత ఆ రోజుల్లో రాత్రంతా మంచె మీదే ఉంటాడు, మేం గోడలు లేపుతున్నప్పుడే వచ్చి "బెల్లం ముక్క కూడా ఇంట్లో పెట్టి పోవద్దు నాయనా, వాసనకి గోడ తోసేస్తాయి" అన్నాడు. అందుకే బియ్యం, రాగులు, ఉప్పు, బెల్లం, పళ్ళు ఏవీ అక్కడ ఉంచం, స్టీలు డబ్బాల్లో తీసుకెళ్ళి మిగిలింది కార్లో వెనక్కి తెచ్చేస్తాం. ఇంటి చుట్టూ అరటి, పనస పెట్టలేదు. పందుల కోసం కంచెకి నేరుగా కరెంటు పెట్టమని ఎవరైనా చెప్తారు, దయచేసి వినకండి, ఏనుగులు చస్తాయి, మనుషులు చస్తారు, జైలు కూడా.

ఏనుగుల వల్లే బాత్రూం గదికే అటాచ్డ్‌గా కట్టాం, రాత్రి 2 గంటలకి టార్చ్ పట్టుకుని బయటికి పోయే పని ఉండకూడదు. మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి, ఒకటి నిండితే రెండోదానికి మార్చుకోవడమే, బోరుకి దూరంగా తవ్వించండి.

నీళ్ళ లెక్క తేలిక, చదరపు మీటర్ మీద 1 మిల్లీమీటర్ వాన పడితే 1 లీటర్. మా కప్పు వసారాతో కలిపి 37 చదరపు మీటర్లు, 20 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే 740 లీటర్లు, మొదటి మురికి నీళ్ళు వదిలేసినా 600 దాకా ట్యాంకులోకి వస్తాయి, స్నానాలకి, గిన్నెలకి హాయిగా సరిపోతాయి. తాగే నీళ్ళు క్యాన్ తీసుకెళ్తాం.

కరెంటుకి 200 వాట్ల సోలార్ ప్యానెల్, 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ చాలు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు, రాత్రంతా తిరిగినా 300 వాట్ అవర్లు, లైట్లు, ఫోన్లు కలిపినా రోజుకి అర యూనిట్ (500 వాట్ అవర్లు) దాటదు. ప్యానెల్ దక్షిణం వైపు 13 డిగ్రీలు వంచి పెట్టించండి. కట్టెల స్టవ్వు లోపల వద్దు, వంట వసారాలో చిన్న గ్యాస్ మీద.

బంక్ బెడ్ మీ ఇష్టం కానీ నేలమీద మాత్రం ఎవరినీ పడుకోనివ్వకండి. కట్లపాము రాత్రిళ్ళు ఇంట్లోకొచ్చి నేలమీద పడుకున్నవాళ్ళనే ఎక్కువ కరుస్తుంది, కరిచినట్టు కూడా తెలియదు. మంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపేయాలి, తలుపు కింద సందుకి రబ్బర్ పట్టీ కొట్టించండి. పాము విషానికి మందు ఏ ఆస్పత్రిలో ఉందో, మీ పొలం నుంచి రాత్రి పూట అక్కడికి ఎంతసేపు పడుతుందో మొదటిసారి పడుకోడానికి వెళ్ళే ముందే ఒకసారి బండి వేసుకుని వెళ్ళి కనుక్కుని రండి.