షుగర్ ఉన్నవాళ్ళు ఎండు పీచ్ పండ్లు రోజూ తినొచ్చా? డ్రై ఫ్రూట్స్ ఎంతవరకు మంచివి?

తినొచ్చండి. ఎన్ని అన్నదే అసలు సంగతి, అది మీరు అడగలేదు. పోయిన సంక్రాంతికి మా ఇంట్లోనూ ఎవరూ అడగలేదు.

మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. మా అన్నయ్య కొడుకు అమెరికా నుంచి పండక్కి వస్తూ అరకిలో ఎండు పీచ్ ప్యాకెట్ తెచ్చాడు. మా ఇంట్లో ఆ పండు పచ్చిది కూడా ఎవరూ ఎరగరు. చలికాలంలో గట్టి చలి తగిలితే గానీ సరిగ్గా పూసి కాయని చెట్టది. హిమాచల్, ఉత్తరాఖండ్ వైపు పండుతుంది గానీ, జనవరిలో కూడా మధ్యాహ్నం ఫ్యాన్ వేసుకునే మన లంకల్లో ఎక్కడ పండుతుంది? ప్యాకెట్ విప్పితే నారింజ రంగు ముక్కలు, నొక్కితే చెవి తమ్మెలా మెత్తగా ఉన్నాయి. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని "పుల్ల తాండ్రలా ఉంది" అని ఊరుకుంది.

నాన్నగారు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని ప్యాకెట్ ముందూ వెనకా చదివారు. ఆయనకి షుగర్ వచ్చి పన్నెండేళ్ళు. అరిసె, పూతరేకు, తాండ్ర మూడూ బంద్. "ఒరేయ్, డాక్టరుగారు పీచు ఎక్కువున్నవి తినమన్నారా లేదా? దీని పేరే పీచు. పైగా డ్రై ఫ్రూటు" అన్నారు. అందరం నవ్వాం. నవ్వేసి ఊరుకోవడమే మా తప్పు.

అసలు డ్రై ఫ్రూట్ అనే మాటే పెద్ద మోసం. జీడిపప్పు, బాదం, కిస్మిస్, ఖర్జూరం అన్నీ ఒకే గాటన కట్టేస్తాం. మా కోనసీమలో మోరి అనే ఊరి జీడిపప్పు ఉంది, అందులో ఉండేది ముఖ్యంగా కొవ్వు, కాస్త ప్రొటీను. కిస్మిస్, ఖర్జూరం, ఈ పీచ్ అయితే నీళ్ళు పోగొట్టుకున్న పండ్లు, సగానికి అటూ ఇటూగా తీపే. షుగర్ ఉన్నవాడికి ఆ రెండిటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. కానీ గృహప్రవేశాలకి ఇచ్చే డబ్బాల్లో అన్నీ పక్కపక్క అరల్లోనే ఉంటాయి. ఆ డబ్బాలకి అడుగున సగం అట్టే ఉంటుంది, అది వేరే ఏడుపు. ఇప్పుడు పూతరేకుల్లో కూడా డ్రై ఫ్రూట్ రకం అంటున్నారు. నాలుగు పిస్తా పలుకులు చల్లి రేటు పెంచేస్తారు. పూతరేకు అంటే బియ్యపు రేకు, నెయ్యి, బెల్లం. అంతేనండి.

విషయానికొస్తే, కనుమ నాటికి ప్యాకెట్ కనిపించలేదు. పిల్లలు తినేసి ఉంటారనుకున్నాం. వారం తర్వాత పొద్దున్నే పరగడుపున మిషన్‌తో చూస్తే, ఎప్పుడూ 130, 140 ఉండే షుగర్ 212 చూపించింది. ఇంట్లో ఒకటే టెన్షన్. అమ్మ అన్నం తగ్గించింది. నేను మిషన్‌లో బ్యాటరీ మార్చాను.

మూడో రోజు గది ఊడుస్తుంటే మా ఆవిడకి చీమల బారు కనిపించింది. గడప పక్కన బయలుదేరి, గోడ వెంట పైకెక్కి, నాన్నగారి మంచం తలవైపున్న అలమరలో పాత పంచాంగాల వెనక్కి పోతోంది. పంచాంగాలు తీస్తే ప్యాకెట్ దొరికింది. అందులో రెండే ముక్కలు మిగిలాయి, వాటి నిండా చీమలు.

"రోజుకి ఆరేరా. లెక్కపెట్టుకునే తిన్నాను" అన్నారు నాన్నగారు. పళ్ళ సెట్టుకి అంటుకుంటోందని మధ్యాహ్నం పడుకుని ఒక్కో ముక్కా చప్పరించేవారట. షుగర్ పెరిగిందని తెలిసిన రోజు నుంచి ముట్టుకోలేదట. అంటే దొంగెవరో ఆయనకి ముందే తెలుసు!

నేను ఆ రెండు ముక్కల్నీ కడిగి గ్లాసు నీళ్ళలో వేశాను. తెల్లారేసరికి అవి ఉబ్బి, కాయని మధ్యకి కోసి గింజ తీసేసిన రెండు చెక్కలని తెలిసిపోయింది. గింజ ఉన్న గుంట కూడా కనిపిస్తోంది. గ్లాసు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. "రెండు ముక్కలు కలిస్తే ఒక పండు నాన్నగారూ. ఆరంటే మూడు పండ్లండి. భోజనం అయ్యాక మూడు పండ్లు ముందు పెడితే తింటారా?" అన్నాను. ఆయన గ్లాసు కేసి కాసేపు చూసి "అయితే నానబెట్టే ఇవ్వాల్సింది" అన్నారు.

లెక్క నిజంగానే అంత. పచ్చి పీచ్ వంద గ్రాముల్లో దాదాపు 89 గ్రాములు నీళ్ళే, చక్కెర 8 గ్రాములు, 40 క్యాలరీలు. అదే ఎండుది వంద గ్రాములైతే చక్కెర 42 గ్రాముల దాకా, 240 క్యాలరీలు. ఒక్కో ముక్క 13 గ్రాములు తూగుతుంది. ఆరు ముక్కలంటే 33 గ్రాముల చక్కెర, ఆరేడు చెంచాల పంచదార. ఎవరైనా ఆయన కాఫీలో అంత వేస్తే అమ్మ ఊరుకునేదా?

మంచి లేదనను. వంద గ్రాములకి పీచు 8 గ్రాములు ఉంటుంది, కాబట్టి నాన్నగారి వాదన పూర్తిగా తప్పు కాదు. ఐరన్ 4 మిల్లీగ్రాములు ఉంటుంది. మలబద్ధకానికి సాయపడుతుంది. పొటాషియం ఒక గ్రాముకి దగ్గర్లో ఉంటుంది, అందుకని కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. విటమిన్ సి మాత్రం ఎండబెట్టేటప్పుడే చాలావరకు పోతుంది. ఇంకోటి, ఆ నారింజ రంగు చూసి మురిసిపోకండి. రంగు పోకుండా సల్ఫర్ డయాక్సైడ్ పట్టిస్తారు, ప్యాకెట్ వెనక ఆ పేరో, 220 అనే అంకో ఉంటుంది. అది పట్టించనివి గోధుమ రంగులో, చూడ్డానికి వికారంగా ఉంటాయి. ఆస్తమా ఉన్న కొందరికి ఆ సల్ఫర్ పడదు. మా ఆవిడకి ఆయాసం ఉంది, అందుకే నేనిప్పుడు ఏ ప్యాకెట్ అయినా తిరగేసి చదువుతాను.

ఇంగ్లండ్‌లో 80 గ్రాముల పచ్చి పండుకి బదులు 30 గ్రాముల ఎండు పండు ఒక వంతు కింద లెక్కేస్తారు, అది కూడా పళ్ళు పాడవకుండా భోజనంతోపాటే తినమంటారు. పీచ్ అయితే రెండు ముక్కలన్నమాట. షుగర్ ఉంటే ఆ రోజు పండు మానేసి దాని బదులు తినాలి, పండు తిని దాని మీద కాదు.

మరి మన తాండ్ర డ్రై ఫ్రూట్ కాదా? మా నాయనమ్మ రసాలు పిండి, చాపల మీద పొర మీద పొర పోసి ఎండలో తాండ్ర పెట్టేది. తాటిపండుతోనూ పెట్టేది. డబ్బా అటక మీద ఉండేది, నిచ్చెన ఆవిడ మంచం కింద ఉండేది. కత్తిపీట మీద కోసి అగ్గిపెట్టంత ముక్క చేతిలో పెట్టేది, ఇంకోటి అడిగితే వీపు విమానం మోత. బజారు తాండ్రలో పంచదార కలుపుతారు, అది నిజమే. కానీ అదే ఎండిన పండు అమెరికా నుంచి జిప్పు సంచిలో వస్తే మందు, మన చాప మీద నుంచి వస్తే పాపమా? ఆ ప్యాకెట్ ఖరీదుకి రావులపాలెం మార్కెట్లో చక్కెరకేళి గెల వచ్చేది.

ఇదంతా రాసి అమ్మకి చదివి వినిపించాను. "అంతా ఆ పీచు మీదకే తోసేశావు. అదే పంచాంగాల వెనక పూతరేకులు చుట్టిన కాగితాలు కూడా నాలుగు దొరికాయి, అది రాయలేదేం?" అంది.

రాశాను.