రిక్రియేషనల్ థెరపీ వృత్తేనా, ఆటవిడుపా?

"మాది బరంపురం. మా అమ్మాయి సైకాలజీతో బీఏ పూర్తిచేసి రిక్రియేషనల్ థెరపీ చదువుతానంటోంది. ముసలివాళ్లని ఆడించడానికి కూడా ఒక చదువా అని ఇంట్లో గొడవ. ఆక్యుపేషనల్ థెరపీలో కలిపేస్తే పోదా?" అని ఒకరు అడిగారు.

కలపకూడదండీ. జబ్బుపడ్డ మనిషి తనకిష్టమైన ఆటపాటల్లోకి తిరిగి వెళ్లేలా చేసేది రిక్రియేషనల్ థెరపీ; స్నానం, తిండి లాంటి రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా చేసేది ఆక్యుపేషనల్ థెరపీ. అయితే మన వైపు రిక్రియేషనల్ థెరపీ పేరు చెప్పి ఇప్పుడు జరుగుతున్నదాన్ని విడిగా నిలబెట్టి కూడా లాభం లేదు. వృద్ధుల దినోత్సవం నాడు బెలూన్లు కట్టి, కుర్చీలాట ఆడించి, ఫొటోలు దిగి వెళ్లిపోవడం థెరపీ కాదు. ఆ ఫొటోలే ఈ వృత్తి పరువు తీస్తున్నాయి.

ఈ తగువు అమెరికాలో ఎప్పటినుంచో ఉంది. అక్కడ 1966లో పార్కులు, వినోదాల సంఘం గొడుగు కింద ఈ వృత్తికి ఒక శాఖ ఏర్పడింది. మేం వైద్యానికి చెందినవాళ్లం అన్నవాళ్లు 1984లో విడిగా అమెరికన్ థెరప్యూటిక్ రిక్రియేషన్ అసోసియేషన్ పెట్టుకున్నారు. డబ్బు దగ్గర మాత్రం చిక్కు తీరలేదు. అక్కడి రిహాబ్ ఆసుపత్రుల్లో మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్లకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) రోగికి మామూలుగా వారానికి 5 రోజులు, రోజుకు 3 గంటల చికిత్స అందాలి. ఫిజియో, ఆక్యుపేషనల్, స్పీచ్ థెరపీలు ఆ 3 గంటల్లోకి వస్తాయి, రిక్రియేషనల్ థెరపీ రాదు. లెక్కలోకి ఎక్కాలన్న ఆరాటంతో కొందరు ఫిజియోథెరపిస్టుల్లా చెయ్యి ఎంత లేచింది, మోకాలు ఎంత వంగింది అని రాసుకుంటూ కూర్చున్నారు. నన్నడిగితే దారి తప్పింది అక్కడే. కొలవాలి, కాదనను. కొలవాల్సింది జబ్బుతో మనిషి పోగొట్టుకున్న సాయంత్రపు కాలక్షేపం తిరిగి వచ్చిందా లేదా అన్నది.

అష్టాచెమ్మనే తీసుకోండి. పక్షవాతం మెదడు కుడివైపు కొట్టినవాళ్లలో చాలామందికి ఎడమ చెయ్యి పడిపోవడంతోపాటు ఎడమ పక్కనున్న వస్తువు దృష్టికే ఆనదు. కన్ను బాగానే ఉంటుంది, మెదడే ఆ పక్కని వదిలేస్తుంది. కంచంలో ఎడమవైపు అన్నం అలాగే మిగిలిపోతుంది. "ఎడమకి చూడండి తాతగారూ" అని రోజంతా చెప్పినా ఆ కాసేపే. అష్టాచెమ్మలో కాయ బయటి గళ్లన్నీ చుట్టి రావాలి కాబట్టి, ఎడమ వరస దాటకుండా ఆటే సాగదు.

పలక 45 సెంటీమీటర్లుండాలి, 5 వరసల్లో 25 గళ్లు, ఒక్కో గడి 9 సెంటీమీటర్లు. ఎడమ అంచు పొడవునా ఎర్ర టేపు అంటించాలి. కాయలకి సీసా మూతలు చాలు. నేలమీద కూర్చోబెట్టకూడదు. కుర్చీలో అరికాళ్లు నేలకి ఆనాలి, బల్ల మోచేతి ఎత్తున ఉండాలి, పడిపోయిన చెయ్యి కింద మడిచిన తువ్వాలు పెట్టి బల్లమీద ముందుకి ఉంచాలి. ఆ చెయ్యి వేలాడినా, పట్టి లాగినా భుజం కీలు జారుతుంది. గవ్వలు స్టీలు గ్లాసులో ఆడించి, అంచున్న పళ్లెంలో గుడ్డ పరిచి వెయ్యాలి. లేకపోతే దొర్లి కిందపడతాయి, వాటికోసం వంగబోయి మనిషి తూలతాడు. మొదట్లో పలకని కాస్త కుడికి జరిపి పెట్టి, రోజులు గడిచేకొద్దీ నడిమికి, తర్వాత ఎడమకి తేవాలి. కాయలు గడియారానికి ఎదురు దిశలో నడుస్తాయి కాబట్టి చిక్కంతా పై ఎడమ మూల దగ్గర. కాయ అక్కడికి చేరేసరికి ఆయన "నా కాయేదీ?" అంటాడు. అక్కడ కాయ చేతికందించకూడదు. "ఎర్ర గీత దాకా చూడండి" అని ఒక్క మాట చెప్పి ఆగాలి. మొదట్లో ఇరవై నిమిషాలు చాలు, అలిసిన మెదడు మళ్లీ ఎడమని వదిలేస్తుంది.

రాసుకోవాల్సినవి మూడే: ఎడమ వరసలో కాయని ఎన్నిసార్లు తనంతట తాను పట్టుకున్నాడు, ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చింది, ఎన్నో నిమిషంలో అలిశాడు. ఆటని పాడుచేసేది ఎక్కువగా ఇంటివాళ్లే. జాలిపడి కాయ వాళ్లే జరిపేస్తారు, కావాలని ఓడిపోతారు. పెద్దాయన అది ఇట్టే కనిపెడతాడు, మర్నాడు ఆటకి రానంటాడు.

ఇదంతా ఆక్యుపేషనల్ థెరపిస్టు కూడా చెయ్యగలరు, చేస్తున్నారు కూడా. వాళ్లు ఆట ఆడించేది చూపు, చెయ్యి దారికి వచ్చి స్నానం, తిండి, బట్టలు సొంతంగా చేసుకోవడానికి. రిక్రియేషనల్ థెరపిస్టుకి ఆ చూపు మళ్లీ ఆటకే కావాలి. "రోగిని సంతోషంగా ఉంచడం" అని రాస్తే అది లక్ష్యం కాదు. "6 వారాల్లో, వారానికి 3 సాయంత్రాలు, వీధి అరుగు మీద పాత జోడీతో, ఒక్కసారి మించి గుర్తుచెయ్యక్కర్లేకుండా అరగంట ఆడాలి" అని రాస్తే అది లక్ష్యం. అరుగుదాకా ఎవరు తీసుకొస్తారు, మెట్టుకి పట్టుకోడానికి ఏముంది, వాన పడితే ఎవరింట్లో ఆడతారు అన్నవన్నీ డిశ్చార్జికి ముందే తేల్చుకోవాలి. ఈ పని ఇంకే వృత్తీ తన నెత్తినేసుకోదు. అందుకే కలపకూడదంటున్నాను.

ఇంకోటి చెప్పక తప్పదు. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు పెద్దవాళ్లకి ఒడియా ఫారాలో, ఇంగ్లిషు ఫారాలో ఇచ్చి "మీ హాబీలేంటి?" అని అడుగుతారు. పట్టుచీరలు నేస్తూ బతుకంతా మగ్గం గుంటలో గడిపిన మనిషి దానికేం చెబుతాడు? "ఏమీ లేవు" అంటాడు. చేతికి రంగుల పుస్తకం ఇస్తారు. అదే తెలుగులో "దీపాలు పెట్టే వేళకి ఎక్కడ కూర్చునేవారు? పక్కన ఎవరుండేవారు? ఠాకురాణీ అమ్మవారి యాత్రలో ఏ వేషం కట్టేవారు?" అని అడిగితే గంటసేపు చెబుతాడు. చికిత్సకి కావాల్సిందంతా ఆ గంటలోనే దొరుకుతుంది.

చట్టం సంగతి. 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టం (థెరపిస్టుల్లాంటి వైద్య అనుబంధ వృత్తులకి సంబంధించింది) షెడ్యూల్లో రిక్రియేషనల్ థెరపిస్టు పేరుంది, కాకపోతే మూవ్‌మెంట్ థెరపిస్టు అన్న పద్దు కింద, ఆర్ట్, డాన్స్ థెరపిస్టులతో కలిపి. పేరు ఎక్కడం మంచిదే, పద్దు తప్పు. అష్టాచెమ్మ ఆడే మనిషిలో ముందు కదలాల్సింది చూపు. ఇక 2017 మానసిక ఆరోగ్య చట్టం 20వ సెక్షన్ ఆసుపత్రుల్లో విరామానికి, వినోదానికి వసతులుండాలని చెబుతుంది. వార్డులో టీవీ తగిలిస్తే చట్టం నెరవేరినట్టు కాదు.

మీ అమ్మాయికి నా సలహా: ఇంటర్లో సైన్సు చదివి ఉంటే కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని జాతీయ సంస్థలో ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీకి ప్రయత్నించమనండి. శరీరం గురించిన చదువు అక్కడ గట్టిగా పడుతుంది, ఉద్యోగానికీ అది పనికొస్తుంది, ఆ పునాది మీద ఈ పని చెయ్యొచ్చు. ఆర్ట్స్ అయితే సైకియాట్రిక్ సోషల్ వర్క్ (మానసిక రోగులకి, వాళ్ల ఇంటివాళ్లకి అండగా ఉండే పని) వైపు నుంచి రావొచ్చు. ఎవరైనా నేరుగా రిక్రియేషనల్ థెరపీ కోర్సంటూ ఎదురొస్తే ఫీజు కట్టకముందు రెండు అడగమనండి: రోగిని పరీక్షించి రాసే ఫారం చూపిస్తారా, డిశ్చార్జి తర్వాత విద్యార్థిని రోగి ఇంటికి పంపిస్తారా. రెండో దానికి "లేదు" అంటే చేరొద్దు.