ఇంటి బ్లూరే డిస్కులు: కాపీ పూర్తిగా తియ్యి, మెనూ చూసేటప్పుడు తగ్గించు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఇంట్లో ఉన్న పెళ్లి డిస్కులూ షష్టిపూర్తి డిస్కులూ హార్డ్ డిస్కులోకి ఎక్కించి, అమ్మానాన్నలు టీవీలో సులువుగా చూసుకునేలా పెడతానన్నావు. మెనూలన్నీ పీకేసి ఒక్క వీడియో ఫైలు ఉంచుకుంటే సరిపోదా అని అడిగావు. సరిపోదు. కాపీలో డిస్కు మీద ఉన్నది ఉన్నట్టు రావాలి. మెనూ తగ్గించాల్సింది చూసేటప్పుడు. అందుకు ప్లేయర్లోనే సెట్టింగు ఉంది. కాపీలో ఒకసారి తీసేసింది మళ్లీ కావాలంటే ఆ పాత డిస్కు అప్పటికి చదవబడాలి, దానికి ఎవరూ హామీ ఇవ్వలేరు.

డిస్కు లోపల ఏముందో ముందు చూడు. బీడీఎంవీ అనే ఫోల్డరు ఉంటుంది. దానిలో స్ట్రీమ్ ఫోల్డర్లో 00000, 00001 అని ఐదంకెల పేర్లతో ఎం2టీఎస్ ఫైళ్లుంటాయి, అసలు బొమ్మా శబ్దమూ అవే. ప్లేలిస్ట్ ఫోల్డర్లో ఎంపీఎల్‌ఎస్ అనే చిన్నచిన్న ఫైళ్లుంటాయి. స్ట్రీమ్ వంటగదిలో సరుకైతే, ప్లేలిస్టు ఏది ముందు వడ్డించాలో ఏది తర్వాతో రాసిన చీటీ. చాప్టర్లు ఎక్కడ మొదలవుతాయో, ఏ ఆడియో ఏ భాషో, ఏ ముక్క తర్వాత ఏ ముక్కో అన్నీ ఆ చీటీలోనే ఉంటాయి. చాలామంది అన్నిటికన్నా పెద్ద ఎం2టీఎస్ ఒక్కటి లాగేసుకుని పనైపోయిందనుకుంటారు. తీరా చూస్తే చాప్టర్లుండవు, ఆడియో భాష తెలియదని వస్తుంది. రిసెప్షన్ రెండు ఫైళ్లలో ఉంటే సగం దగ్గర ఆగిపోతుంది.

మొదలుపెట్టే ముందు డ్రైవు సంగతి. మామూలు డీవీడీ డ్రైవు బ్లూరేని చదవదు, నీలి లేజర్ ఉన్న డ్రైవే కావాలి. యూఎస్‌బీ డ్రైవు టక్ టక్ మని కొట్టుకుంటూ మధ్యలో మాయమైపోతుంటే, డిస్కుని తిట్టుకునే ముందు కరెంటు చూడు. పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీ యాంపియర్లే, చాలా డ్రైవులకు అది చాలదు. రెండు ప్లగ్గులున్న వై కేబుల్ పెట్టు, లేదా సొంత అడాప్టరున్న హబ్‌కి తగిలించు. డిస్కు పెట్టాక సైజు చూడు. 25 జీబీ డిస్కుని విండోస్ 23.3 అని, 50 జీబీ డిస్కుని 46.6 అని చూపిస్తుంది, కంగారు పడకు. 4.38 దగ్గరే ఆగితే అది బ్లూరే కాదు, డీవీడీ మీద హెచ్‌డీ వీడియో కాల్చి (బర్న్ చేసి) ఇచ్చారన్నమాట. దాన్ని కాపీ తీసే పద్ధతి మాత్రం ఇదే.

తుడవాల్సి వస్తే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడువు, గుండ్రంగా తిప్పొద్దు. డీవీడీలో డేటా పొర 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. బ్లూరేలో 0.1 మిల్లీమీటరే. అందుకే డీవీడీ గీతలు అరగదీసే పాలిష్ యంత్రాల దగ్గరికి బ్లూరేని తీసుకెళ్లకు.

స్టూడియో వాళ్లు కాల్చి ఇచ్చిన డిస్కులకు మామూలుగా తాళం, అంటే కాపీని అడ్డుకునే రక్షణ, ఉండదు, కాబట్టి కాపీ నేరుగా వస్తుంది. విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ అనే డిస్కు కాపీ సాఫ్ట్‌వేర్ తెరిచి డిస్కు నుంచి ఇమేజ్ ఫైలు తయారుచేసే బటన్ నొక్కితే డిస్కంతా ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా వస్తుంది, దాన్నే ఐఎస్‌ఓ అంటారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పక్కన అంటుకొచ్చే వేరే సాఫ్ట్‌వేర్ల టిక్కులు తీసెయ్యి. 4ఎక్స్ వేగంతో 25 జీబీ డిస్కుకి ఇంచుమించు పాతిక నిమిషాలు పడుతుంది. హార్డ్ డిస్కు మాత్రం ఎన్‌టీఎఫ్‌ఎస్ గానో ఎక్స్‌ఫ్యాట్ గానో ఫార్మాట్ అయి ఉండాలి. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. చోటు బోలెడున్నా కాపీ మధ్యలో ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

చదవడంలో ఎర్రర్లు వస్తే వేగం 2ఎక్స్‌కి తగ్గించి మళ్లీ మొదలుపెట్టు. అప్పటికీ లొంగకపోతే లినక్స్‌లో డీడీరెస్క్యూ వాడు, పాడైన డిస్కుల నుంచి డేటా లాగే సాఫ్ట్‌వేర్ అది. సెక్టర్ (డిస్కు మీద ఒక్కో చిన్న డేటా గడి) సైజు 2048 అని ఇచ్చి, ఏది చదివిందో ఏది మిగిలిందో రాసుకునే మ్యాప్ ఫైలు తప్పకుండా పెట్టుకో. మొదటిసారి బాగున్న భాగాలన్నీ త్వరగా లాక్కుని, తర్వాత మొరాయించే చోట్ల మీద మూడు విడతలు ప్రయత్నించమను. దీనిలో గొప్ప సంగతి ఏమిటంటే, అదే మ్యాప్ ఫైలుతో డిస్కుని వేరే డ్రైవులో పెడితే మిగిలిన ఖాళీలు మాత్రమే చదువుతుంది. ఒక డ్రైవు చదవలేనిది ఇంకో డ్రైవు చదవడం మామూలే. చివరికి వీడియోలో కొన్ని సెక్టర్లు పోయినా ఒక క్షణం బొమ్మ గళ్లుగళ్లుగా పగులుతుంది, అంతే. ఇండెక్స్ ఫైలో ప్లేలిస్టో పోతేనే డిస్కంతా మొండికేస్తుంది. దానికీ మందుంది. బీడీఎంవీలోనే బ్యాకప్ అని ఒక ఫోల్డరుంది, ఇండెక్స్, మూవీ ఆబ్జెక్ట్, ప్లేలిస్టులు, క్లిప్ సమాచారం అన్నిటికీ రెండో ప్రతి అక్కడ ఉంటుంది. ఐఎస్‌ఓ మీద డబుల్ క్లిక్ చేసి తెరిచి, బీడీఎంవీని మామూలు ఫోల్డరుగా కాపీ చేసుకుని, పాడైన ఫైలు స్థానంలో ఆ ప్రతి పెట్టు.

ఇక నువ్వడిగిన సులువు మెనూ. టీవీకి కోడి (Kodi) అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్ పెట్టు. సెట్టింగ్స్‌లో ప్లేయర్, అందులో డిస్క్స్, అక్కడ బ్లూరే ప్లేబ్యాక్ మోడ్ అని ఉంటుంది. కనిపించకపోతే కింద ఎడమ మూల గేరు గుర్తు దగ్గర లెవెల్ పెంచు. మూడు దారులుంటాయి: డిస్కు సొంత మెనూ చూపించడం, అసలు వీడియో నేరుగా మొదలుపెట్టడం, సింప్లిఫైడ్ మెనూ. మూడోది పెట్టు. ఐఎస్‌ఓ మీద ఓకే నొక్కగానే స్టూడియో లోగో, తిరిగే పూలదండలు, గుంయ్‌మనే సన్నాయి ఏమీ లేకుండా చిన్న జాబితా వస్తుంది. ప్రధాన టైటిల్, అన్ని టైటిళ్లు, డిస్కు మెనూ. అంతే. అమ్మ బాణం కిందికి నొక్కి ఓకే కొడితే చాలు. మధ్యలో ఆపి మర్నాడు అక్కడి నుంచే చూడాలన్నా ఈ దారే మేలు. డిస్కు మెనూ గుండా వెళ్తే ఆపిన చోటు గుర్తుంటుందని నమ్మకం పెట్టుకోకు.

ఇక్కడ ఒక చిక్కుంది. ప్రధాన టైటిల్ అంటే ప్లేయర్ దృష్టిలో అన్నిటికన్నా పొడుగైనది, అమ్మకి కావలసినది కాదు. ఉదాహరణకి ఒక పెళ్లి డిస్కు తీసుకో. మెనూలో పెళ్లికూతురిని చేయడం, ఎదురుకోలు, ముహూర్తం, అప్పగింతలు, రిసెప్షన్ అని ఐదు బొత్తాలున్నాయి. రిసెప్షన్ రెండు గంటలు, ముహూర్తం గంటన్నర. సులువు మెనూలో ప్రధాన టైటిల్ నొక్కితే స్టేజీ ఎక్కి ఫొటోలు దిగే చుట్టాల వరసే వస్తుంది, తాళి కట్టే ఘట్టం రాదు. అన్ని టైటిళ్లు తెరిస్తే ఐదూ ఉంటాయి గానీ పేర్లుండవు, నిడివి, చాప్టర్ల సంఖ్య మాత్రమే కనిపిస్తాయి. అర నిమిషంవి ఒకటి రెండు ఉంటే అవి మెనూ వెనక తిరిగే బొమ్మలు. అందుకని ప్రతి డిస్కుకీ ఒక్కసారి ఓపిక పట్టి కూర్చుని, ఒక్కో టైటిల్ తెరిచి, ఏ నిడివిది ఏ ఘట్టమో కాయితం మీద రాసి, ఐఎస్‌ఓ పక్కనే టెక్స్ట్ ఫైలుగా పెట్టు. ఈ పని ఎగ్గొడితే సులువు మెనూ సులువుగా ఉండదు.

ఆ జాబితా ఉంటే రెండో పని తేలిక. అమ్మ పదేపదే చూసే ఘట్టాలను మాత్రం మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో విడివిడి ఎంకేవీ ఫైళ్లుగా తీసి, ముహూర్తం, అప్పగింతలు అని పేర్లు పెట్టు. వీడియోని మళ్లీ కుదించదు, చాప్టర్లతో సహా ఉన్నదున్నట్టు వేరే డబ్బాలో పెడుతుంది. సెట్టింగ్స్‌లో కనీస నిడివి 120 సెకన్లని ఉంటుంది, దాన్ని 10కి తగ్గించు. లేకపోతే రెండు నిమిషాల లోపు హైలైట్ పాటలు జాబితాలోకే రావు, పోయాయని కూడా నీకు తెలియదు. కదిలేటప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలాగా గీతలు కనిపిస్తే కాపీ చెడలేదు. చాలా పెళ్లి వీడియోలు సెకనుకి 50 ఫీల్డుల (సగం సగం బొమ్మల) ఇంటర్‌లేస్డ్ పద్ధతిలో తీసినవి. ప్లే అవుతుండగా వీడియో సెట్టింగ్స్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చెయ్యి.

అమెరికాలో ఉన్న నీ చెల్లికి డిస్కు కాల్చి పంపొద్దు. అక్కడి బ్లూరే ప్లేయర్లలో చాలావాటికి ఈ 50 లెక్క పడదు, డిస్కు బాగున్నా తెర నల్లగానే ఉంటుంది. ఎంకేవీలు పంపు, కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్‌తో చూసుకుంటుంది. వీఎల్‌సీలో ఐఎస్‌ఓ చూడాలన్నా చిన్న దారుంది: ఓపెన్ డిస్క్‌లో బ్లూరే ఎంచుకుని, డిస్కు మెనూలు వద్దు అన్న గడిలో టిక్ పెట్టి, ప్లేబ్యాక్ మెనూలోని టైటిల్ జాబితా నుంచి కావలసింది తీసుకోవాలి.

మెనూ చూపించడానికి ప్లేయర్ జావా అనే సాఫ్ట్‌వేర్ అడిగితే అదెందుకో తెలిసి ఉండాలి. బ్లూరే మెనూలు రెండు రకాలు. ఎడియస్, ఎన్‌కోర్ లాంటి సాఫ్ట్‌వేర్లతో స్టూడియోలు చేసేవి హెచ్‌డీఎంవీ రకం, వాటికి జావా అక్కర్లేదు. సినిమా కంపెనీల డిస్కుల్లో చాలావాటికి జావా మెనూలే. కంప్యూటర్లో 64 బిట్ వీఎల్‌సీ ఉంటే జావా కూడా 64 బిట్‌దే ఉండాలి. ఆండ్రాయిడ్ టీవీలో కోడి జావా మెనూలు చూపించదు, దాని కోసం రాత్రంతా కూర్చోకు.

కొన్న సినిమా డిస్కుల జోలికి ఈ పద్ధతితో వెళ్లకు. వాటికి ఏఏసీఎస్ తాళం ఉంటుంది. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో ఇలాంటి తాళాలు పగలగొట్టడం మీద 65ఏ సెక్షన్ చేరింది, అమెరికాలో 1998 నాటి చట్టం ఇంకా కఠినం. వాటిని డిస్కు ప్లేయర్లోనే చూడండి. కొన్నిటిలో ఇంచుమించు ఒకే నిడివి ప్లేలిస్టులు వందల కొద్దీ పెట్టి, సీన్ల వరస కావాలనే తారుమారు చేస్తారు. సులువు మెనూ వాటిలో ఏదో ఒకటి ఎంచుకుంటే కథ వెనకా ముందూ అవుతుంది. చెల్లి అక్కడి నుంచి తెచ్చే డిస్కు మీద రీజియన్ (ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) ‘ఏ’ (A) అని మాత్రమే ఉంటే మన ఇంటి ప్లేయర్ తిరస్కరించవచ్చు, మనది ‘సీ’ (C) రీజియన్.

డిస్కు తిరిగి పెట్టెలో పెట్టే ముందు ఒక పని చెయ్యి. ఒకే పొర ఉన్న 25 జీబీ డిస్కులో రాయడం లోపలి నుంచి అంచుకి సాగుతుంది, పాడవడం ఎక్కువగా అంచు దగ్గరే కనిపిస్తుంది. కాబట్టి డిస్కులో అన్నిటికన్నా ఆఖరున రాసిన వీడియో చివరి పది నిమిషాలు ఐఎస్‌ఓ నుంచి ఆడించి చూడు. అది శుభ్రంగా వస్తే ఆ ఐఎస్‌ఓని ఇంకో హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, ఆ రెండోదాన్ని వేరే ఇంట్లో ఉంచు. 25 జీబీ డిస్కులు పదైనా 250 జీబీనే, 1 టీబీ డ్రైవులో సగం కూడా నిండదు.

అక్కకీ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

మీ మావయ్య