టెక్ సందేహాలు: మోడెమ్ శబ్దం వింటే సగం జబ్బు తెలుస్తుంది

(ఇది 2003లో, డయలప్ రోజుల్లో రాసిన శీర్షిక. ఇందులోని సెట్టింగులు, నంబర్లు, టూల్స్ అప్పటివి.) వానలు మొదలయ్యాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెబుతున్నాయి: నెట్ కనెక్ట్ కావడం లేదు, అయినా నిలవడం లేదు. అందుకని ఈసారి సీడీ రైటర్లు, ప్రింటర్ల సందేహాలు పక్కన పెట్టి పూర్తిగా డయలప్ గురించే, అంటే మోడెమ్ అనే పరికరంతో కంప్యూటర్‌ని ఫోన్ లైన్‌కి కలిపి నెట్ వాడే పద్ధతి గురించే మాట్లాడుకుందాం.

తణుకు నుంచి ఒక పాఠకుడు: మాది పెంటియం-3, విండోస్ 98, సీపీయూ డబ్బా లోపలే ఉండే మోడెమ్. పొద్దున బాగానే కనెక్ట్ అవుతుంది. సాయంత్రం ఒక్కోసారి ఎర్రర్ 680, డయల్ టోన్ లేదు అని వస్తుంది. కనెక్ట్ అయినా ఐదారు నిమిషాల్లో కట్. వాన పడిన రోజు అసలు పనికిరాదు. కంప్యూటర్ అసెంబుల్ చేసిన కుర్రాడు రెండుసార్లు ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేశాడు. తేడా లేదు. ఇప్పుడు మోడెమ్ మార్చమంటున్నాడు. మార్చాలా?

ఇప్పుడే మార్చకండి. పొద్దున పనిచేసి సాయంత్రం మొరాయించేది, వానకి ఎక్కువయ్యేది విండోస్ జబ్బు కాదు. తొంభై పాళ్లు అది ఫోన్ వైరుది. ప్రతి సమస్యకీ ఫార్మాట్ ఒక్కటే మందు అనే అలవాటు మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది. దాంతో ఫొటోలూ ఫైళ్లూ పోగొట్టుకున్నవాళ్ల ఉత్తరాలు చదివితే బాధేస్తుంది.

ముందు మోడెమ్ స్పీకర్ పెంచండి. కంట్రోల్ ప్యానెల్‌లో మోడెమ్స్ తెరిచి ప్రాపర్టీస్ నొక్కితే స్పీకర్ వాల్యూమ్ కనిపిస్తుంది. దాన్ని చివరికంటా జరిపి, డయల్ చేసి వినండి. మొదట ఫోన్ ఎత్తినప్పుడు వినిపించే డయల్ టోన్. తర్వాత నంబర్లు పీప్ పీప్ మంటూ పడతాయి. ఒకటి రెండు రింగులు. అవతలి మోడెమ్ ఎత్తగానే సన్నగా సాగే ఒక కూత. ఆ వెంటనే రెండు మోడెములూ లైన్ నాణ్యతని కొలుచుకుంటూ చేసే గరగర, బుస్సుమనే హోరు. ఆపైన ఒక్కసారిగా నిశ్శబ్దం. నిశ్శబ్దమైందంటే మోడెముల పని కుదిరినట్టే, ఇక మిగిలింది యూజర్ నేమ్, పాస్‌వర్డ్.

ఏ మెట్టు దగ్గర ఆగిందో అక్కడే వెతకాలి. అసలు డయల్ టోనే వినిపించకపోతే వైరు, సాకెట్. నంబర్లు పడ్డాక కూడా డయల్ టోన్ అలాగే మోగుతుంటే మీ ఎక్స్చేంజ్ ఈ పీప్ పీప్ (టోన్) డయలింగ్ తీసుకోవడం లేదన్నమాట, సెట్టింగుల్లో పల్స్ డయలింగ్‌కి మార్చండి. గరగర మొదలై, ఆగి, మళ్లీ మళ్లీ మొదలవుతుంటే లైన్‌లో రొద ఉంది. నిశ్శబ్దం వచ్చాక ఎర్రర్ వస్తే మాత్రమే అకౌంట్ సంగతో, విండోస్ సెట్టింగుల సంగతో చూడాలి.

మీ ఎర్రర్ 680 దగ్గరికి వద్దాం. మోడెమ్ డయల్ టోన్ కోసం వింటుంది, అది గుర్తుపట్టలేకపోతే ఈ ఎర్రర్ ఇస్తుంది. టోన్ లేకపోవడం వేరు, ఉన్నా గుర్తుపట్టకపోవడం వేరు. మన ఎక్స్చేంజీల డయల్ టోన్ అమెరికా టోన్‌లా ఉండదు. మోడెమ్ సెట్టింగుల్లో దేశం యునైటెడ్ స్టేట్స్ అని ఉండిపోతే కొన్ని మోడెములు మన టోన్‌ని పట్టించుకోవు. కాబట్టి డయలింగ్ ప్రాపర్టీస్‌లో దేశం ఇండియా అని ఉందో లేదో చూడండి. ఆపైన మోడెమ్ ప్రాపర్టీస్‌లో కనెక్షన్ అనే ట్యాబ్‌లో, డయల్ చేసేముందు టోన్ కోసం ఆగమని ఉన్న చోట టిక్ తీసేయండి. ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ గడిలో ఎక్స్3 అని కొట్టినా ఇదే పని జరుగుతుంది. ఫోన్‌లో టోన్ చక్కగా వినిపిస్తూ మోడెమ్ మాత్రమే లేదంటుంటే దీంతో సరిపోతుంది.

మీకు కట్ అవడం కూడా ఉంది కాబట్టి అక్కడితో ఆగకండి. మామూలు ఫోన్ ఎత్తి, ఏదైనా ఒక్క అంకె నొక్కండి. డయల్ టోన్ ఆగిపోతుంది. ఆ కొద్ది సెకన్లు చెవి ఆనించి వినండి. నిశ్శబ్దంగా ఉండాలి. చిటపటలు, గుర్రుమనే శబ్దం, పక్కింటివాళ్ల మాటలు వినిపిస్తే రోగం దొరికినట్టే. మాటలకి ఈ రొద అడ్డం కాదు, మన చెవి సర్దుకుపోతుంది. మోడెమ్ సర్దుకోలేదు.

తర్వాత ఇంట్లోకి లైన్ వచ్చే చోట గోడకి ఉన్న చిన్న తెల్ల డబ్బా మూత తీయండి. లైన్‌మన్లు దాన్ని రోజెట్ అంటారు. లోపల రెండు మరలకి చుట్టిన రాగి తీగలు ఉంటాయి. తీగ ఎర్రగా మెరుస్తోందా, పచ్చగా చిలుం పట్టిందా? చిలుం పట్టి ఉంటే ఆ ముక్క కత్తిరించి, కొత్తగా ఒలిచి, మరలు గట్టిగా బిగించండి. ఆ లైన్‌లో మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది, పెద్ద ప్రమాదం లేదు. కానీ రింగ్ వచ్చేటప్పుడు 75 వోల్టులు దాటిన ఏసీ వస్తుంది, గట్టిగా జిల్లుమంటుంది. తీగలు చేత్తో ముట్టుకునే ముందు లైన్ ఊడదీయడం మంచిది.

అక్కడి నుంచి కంప్యూటర్ దాకా వైరు ఎలా వెళ్లిందో కూడా చూడండి. చాలా ఇళ్లలో బల్లపరుపు వైరు పదిపదిహేను మీటర్లు లాగి, కరెంటు వైరుతో కలిపి మేకులు కొడతారు. యూపీఎస్ వెనక చుట్టలు చుట్టి పడేస్తారు. అది రొదని పీల్చుకుంటుంది. మధ్యలో పారలల్ ఫోన్ (అదే లైన్ మీది రెండో ఫోన్), కార్డ్‌లెస్, కాలర్ ఐడీ డబ్బా ఉంటే ఒక రోజుకి అన్నీ తీసేసి, మోడెమ్ ఒక్కటే ఉంచండి. సాయంత్రాలే ఎర్రర్ వస్తోందన్నారు కదా, ఆ వేళకి ఇంట్లో ఎవరైనా పారలల్ ఫోన్ ఎత్తుతున్నారేమో కూడా గమనించండి. ఎత్తిన క్షణంలో కనెక్షన్ పోతుంది. మోడెమ్‌లో పెట్టే ప్లగ్‌కి చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. అది విరిగితే ప్లగ్ వదులై, బల్ల కదిలినప్పుడల్లా కట్ అవుతుంది. లైన్ వచ్చే వైరు లైన్ అని రాసి ఉన్న సాకెట్‌లోనే ఉండాలి, ఫోన్ అని ఉన్నదాంట్లో కాదు.

ఇంట్లో అంతా సరిగా ఉండి, రోజెట్ దగ్గరే నేరుగా ఫోన్ పెట్టి విన్నా రొద ఉంటే తప్పు బయట ఉంది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ వైరు జాయింట్లలోకి, స్తంభం మీద లైన్లు విడిపోయే డీపీ డబ్బాలోకి నీళ్లు దిగుతాయి. టెలిఫోన్ ఫిర్యాదుల నంబరు 198కి కంప్లయింట్ బుక్ చేయండి. అప్పుడు నెట్ రావడం లేదు అని చెప్పకండి. అలా చెబితే కంప్యూటర్ చూపించుకోండి అని వెళ్లిపోతారు. ఫోన్‌లో మాట వినిపించడం లేదు, గరగరమంటోంది అని చెప్పండి. లైన్‌మన్ వచ్చినప్పుడు ఒక్క అంకె నొక్కి ఆయన చెవికే ఇవ్వండి.

ఈలోపు కట్ అవడం తగ్గాలంటే అదే ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ గడిలో ఎస్10=50 అని పెట్టి చూడండి. సిగ్నల్ క్షణకాలం పోతే మోడెమ్ ఎంతసేపు ఓపిక పట్టాలో చెప్పే లెక్క అది, సెకనులో పదో వంతుల్లో ఉంటుంది. 50 అంటే 5 సెకన్లు. ఇంకా కట్ అవుతుంటే వేగం తగ్గించుకోండి. కోనెక్సాంట్ చిప్ ఉన్న మోడెమైతే +ఎంఎస్=వీ34 అని పెడితే 33.6 కేబీపీఎస్ (సెకనుకి 33.6 వేల బిట్ల వేగం) దాటి ప్రయత్నించదు. ఈ ఆదేశం కంపెనీని బట్టి మారుతుంది, మోడెమ్‌తో వచ్చిన పుస్తకంలో చూసుకోండి. 44 దగ్గర కనెక్ట్ అయి ఐదు నిమిషాలకి తెగిపోవడం కంటే 31 దగ్గర గంటసేపు నిలవడం ఎంతో నయం.

ఇవన్నీ చేశాక కూడా అనుమానం ఉంటే, మోడెమ్స్‌లో డయగ్నోస్టిక్స్ ట్యాబ్‌కి వెళ్లి, మీ మోడెమ్ ఉన్న కామ్ పోర్టుని ఎంచుకుని మోర్ ఇన్ఫో నొక్కండి. వరసగా సమాధానాలు కనిపిస్తే మోడెమ్‌కీ విండోస్‌కీ మధ్య మాటామంతీ బాగున్నట్టే. స్పందన లేదని వస్తే అప్పుడు డ్రైవర్ మళ్లీ వేయండి, కార్డు తీసి వేరే స్లాట్‌లో పెట్టండి. అప్పటికీ పలక్కపోతే మార్చండి.

అనకాపల్లి దగ్గరి పల్లె నుంచి ఒక విద్యార్థి: 56కే మోడెమ్ కొన్నాను. కనెక్ట్ అయినప్పుడు 115,200 అని చూపిస్తుంది. కానీ డౌన్‌లోడ్ సెకనుకి 3 కేబీ దాటదు. ఇదే మోడెమ్ విశాఖలో అన్నయ్య ఇంట్లో పెడితే 5 కేబీ వస్తోంది. ఎందుకు?

115,200 అన్నది మీ కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య వేగం. ఫోన్ లైన్ వేగం కాదు. అసలు వేగం కనిపించాలంటే చాలా మోడెముల్లో ఎక్స్‌ట్రా సెట్టింగ్స్‌లో డబ్ల్యూ2 అని పెడితే చాలు. ఇక లైన్ వేగాన్ని బిట్లలో చెబుతారు, డౌన్‌లోడ్‌ని బైట్లలో చూపిస్తారు. 8 బిట్లు ఒక బైటు. 45 కేబీపీఎస్ అంటే సెకనుకి దాదాపు 5 కేబీ, అంతే. 5 ఎంబీ పాట దిగడానికి ఇరవై నిమిషాలు పట్టడం సహజం.

పల్లెకీ విశాఖకీ తేడా మాత్రం మోడెమ్‌లో లేదు. 56కే వేగం ఇచ్చే వీ.90 పద్ధతికి ఒక షరతు ఉంది. ఇంటర్నెట్ కంపెనీ నుంచి మీ ఎక్స్చేంజ్ దాకా దారంతా డిజిటల్‌గా ఉండాలి, ఎక్స్చేంజ్ నుంచి మీ ఇంటికి వచ్చే తీగ ఒక్కటే అనలాగ్ కావచ్చు. దారిలో ఇంకోచోట అనలాగ్‌లోకి మారిందంటే వీ.90 కుదరదు, మోడెమ్ 33.6కి లేదా ఇంకా కిందికి దిగిపోతుంది. చిన్న ఊళ్ల ఎక్స్చేంజీల్లో, అపార్టుమెంట్ ఇంటర్‌కమ్ మీదుగా వచ్చే లైన్లలో ఇలా జరుగుతుంది. దీనికోసం ఖరీదైన మోడెమ్ కొనకండి. దాని తర్వాత వచ్చిన వీ.92 కూడా ఈ లైన్ మీద వేగం పెంచదు.

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు: విండోస్ ఎక్స్‌పీ. నెట్ కనెక్ట్ అయిన కాసేపటికే 60 సెకన్లలో సిస్టమ్ షట్‌డౌన్ అవుతుందని లెక్క మొదలవుతుంది. మోడెమ్ వైరు తీసేస్తే ఏ గొడవా లేదు. మోడెమ్ వల్లే కదా?

కాదమ్మా, ఇది 2003 ఆగస్టులో వచ్చిన బ్లాస్టర్ వైరస్. ఈమెయిల్ తెరవక్కర్లేదు, ఏ ఫైలూ దించుకోనక్కర్లేదు. నెట్‌లో ఉంటే చాలు, విండోస్‌లోని ఒక లోపం గుండా తనే వచ్చేస్తుంది. విండోస్ 98కి ఈ బెడద లేదు, ఎక్స్‌పీ, 2000 వాడేవాళ్లకే.

లెక్క మొదలవగానే స్టార్ట్‌లో రన్ నొక్కి, షట్‌డౌన్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, చిన్న గీత పెట్టి, దాని పక్కనే ఇంగ్లిష్ a అక్షరం కొట్టండి (shutdown -a). లెక్క ఆగిపోతుంది. కనెక్షన్ తెంచేయండి. ఇప్పుడు మీ డయలప్ ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్. అక్కడ బయటి చొరబాట్లని ఆపే ఇంటర్నెట్ కనెక్షన్ ఫైర్‌వాల్ అని ఉంది, టిక్ పెట్టండి. ఎక్స్‌పీలో ఇది ఉంటుంది కానీ ఆన్ చేసి రాదు, అసలు చిక్కంతా అక్కడే. తర్వాత ధైర్యంగా కనెక్ట్ అయి, మైక్రోసాఫ్ట్ సైటులో ఆ లోపాన్ని పూడ్చే 823980 నంబరు ప్యాచ్ దించుకుని వేయండి. చిన్న ఫైలే, డయలప్ మీద కూడా దిగుతుంది. ఆపైన సిమాంటెక్ వాళ్లు ఉచితంగా విడుదల చేసిన బ్లాస్టర్ తొలగించే టూల్ నడిపించండి. వరస తప్పకండి. ఫైర్‌వాల్, ప్యాచ్ లేకుండా వైరస్‌ని మాత్రమే తీసేస్తే మళ్లీ కనెక్ట్ అవగానే తిరిగొస్తుంది.

ఖమ్మం నుంచి ఒక తండ్రి: మేం విదేశాలకి ఎప్పుడూ ఫోన్ చేయలేదు. బిల్లులో ఐఎస్‌డీ కాల్స్ వేలల్లో పడ్డాయి. ఇంట్లో పిల్లలు నెట్ వాడతారు.

పిల్లల్ని తిట్టకండి. వాళ్లకి తెలియకుండానే జరిగి ఉంటుంది. ఉచిత పాటలు, ఉచిత గేములు అంటూ ఊరించే కొన్ని సైట్లలో యెస్ (సరే) అని నొక్కగానే డయలర్ అనే చిన్న ప్రోగ్రామ్ చేరుతుంది. మీ కనెక్షన్ తెంచి, విదేశీ నంబరుకి తనే డయల్ చేస్తుంది. కొన్ని అయితే స్పీకర్‌ని కూడా నోరు నొక్కేస్తాయి. డయలప్ నెట్‌వర్కింగ్ తెరిచి, మీరు పెట్టని ఐకాన్ ఏదైనా ఉంటే తొలగించండి, మీ కనెక్షన్‌లో ఉన్న నంబరు మీదేనా అని చూడండి. ఇలాంటివాటిని ఏరిపారేసే యాడ్-అవేర్ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో స్కాన్ చేయండి. అన్నిటికంటే ముందు ఈరోజే ఎక్స్చేంజ్‌కి వెళ్లి ఎస్‌టీడీ, ఐఎస్‌డీ లాక్ పెట్టించండి. కంప్యూటర్‌లో ఏం దూరినా లాక్ ఉన్న లైన్ మీద విదేశానికి కాల్ వెళ్లదు.

కడప నుంచి ఎర్రర్ 691 గురించి అడిగినవారికి: యూజర్ నేమో పాస్‌వర్డో సరిపోలేదని అర్థం. క్యాప్స్ లాక్ చూడండి. అది బాగుంటే మీ గంటల ప్యాకేజీ అయిపోయిందేమో, గడువు దాటిందేమో కనుక్కోండి. మోడెమ్‌ని ముట్టుకోనక్కర్లేదు.

అమలాపురం నుంచి ఒక షాపు యజమాని: పిడుగు పడి మోడెమ్‌తోపాటు మదర్‌బోర్డూ పోయింది. స్టెబిలైజర్ ఉన్నా ఎందుకు పోయింది? ఈసారి ఎలాంటి మోడెమ్ కొనాలి?

స్టెబిలైజర్ కరెంటు దారికే కాపలా. పిడుగు ఫోన్ తీగ మీదుగా వచ్చింది. లోపలి మోడెమ్ కార్డు నేరుగా మదర్‌బోర్డులో ఉంటుంది కాబట్టి దెబ్బ అక్కడిదాకా పాకింది. ఈసారి సీరియల్ పోర్టుకి తగిలించే బయటి మోడెమ్ కొనండి. ధర ఎక్కువే, అయినా మీకు అదే మంచిది. చాలావరకు లోపలి కార్డులు తమ పనిలో పెద్ద భాగాన్ని కంప్యూటర్ ప్రాసెసర్ మీదే తోసేస్తాయి. సీరియల్ మోడెమ్ తన పని తానే చేసుకుంటుంది, రేపు విండోస్ బదులు లైనక్స్ వేసుకున్నా డ్రైవర్ల టెన్షన్ ఉండదు, దీపాలు చూస్తే ఏం జరుగుతోందో తెలుస్తుంది. పిడుగు దెబ్బ తగిలినా ముందు అదే అడ్డుపడుతుంది, కంప్యూటర్ బతికే అవకాశం పెరుగుతుంది. హఠాత్తుగా ఎగిసే వోల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్, ఫోన్ సాకెట్ కూడా ఉన్నది కొనండి, కానీ దాని ఎర్త్ పిన్నుకి నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. లేకపోతే అది ఉన్నా లేనట్టే. మబ్బు పట్టి ఉరుములు వినిపిస్తే స్విచ్ ఆఫ్ చేసి ఊరుకోకండి. కరెంటు ప్లగ్, ఫోన్ ప్లగ్ రెండూ పీకేయండి. సాయంత్రం షాపు మూసేటప్పుడు కూడా అంతే.