గేటులోంచి రివర్స్ తీస్తుంటే బైకు తగిలింది, తప్పంతా నాదేనా?

ప్రశ్న: మాది అనంతపురం సాయినగర్. పోయిన వారం పొద్దున ఎనిమిది గంటలప్పుడు గేటులోంచి కారు రివర్స్ తీస్తున్నాను. మా నాయన వెనక నిలబడి "రానీ, రానీ" అంటున్నాడు. గేటు పక్కనే వాటర్ క్యాన్ల ఆటో ఆపి ఉండటంతో ఎడమవైపు రోడ్డు కనిపించలేదు. అటునుంచే ముగ్గురు పిల్లలు బైకు మీద వేగంగా వచ్చి కారు వెనక ఎడమ మూలకు తగిలారు. నడిపిన అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, లైసెన్స్ లేదు. మణికట్టు విరిగింది. ఆసుపత్రికి మేమే తీసుకెళ్లాం. పోలీసుల దాకా ఎవరూ పోలేదు. "రివర్స్ తీసేవాడిదే తప్పు. అరవై వేలు ఇవ్వండి, కేసు పెట్టబోమని రాసిస్తాం" అంటున్నారు వాళ్ల పెద్దవాళ్లు. ఇవ్వాలా?

జవాబు: డబ్బు ఇంకా ఇవ్వకపోతే ఆగండి. ఎందుకో చివర్లో చెబుతాను, ముందు తప్పు సంగతి చూద్దాం.

వాళ్లు చెప్పింది సగం నిజం. వెనక ఎవరికీ ప్రమాదం లేదని చూసుకున్నాకే రివర్స్ తీయాలి. ఇంట్లోంచి రోడ్డు మీదికి వచ్చేవాడు రోడ్డున పోయే బండికి దారి ఇవ్వాలి. కాబట్టి ఎవరైనా మొదటి ప్రశ్న మిమ్మల్నే అడుగుతారు. ఇంటి ముందు ర్యాంపు మీరే కట్టుకున్నా, గేటు దాటితే అది జనం తిరిగే చోటే. "మా ఇంటి ముందే కదా" అన్న మాట నిలబడదు.

మీ నాయన "రానీ" అన్నారన్నది కూడా పెద్దగా పనికిరాదు. స్టీరింగ్ మీ చేతిలో ఉంది. ఆయన్ని సాక్షిగా పిలిస్తే అవతలి వకీలు అడిగేది ఒకటే: "బైకు కనిపించిందా? కనిపిస్తే ఆపమని ఎందుకు అనలేదు? కనిపించకపోతే రానీ అని ఎందుకు అన్నారు?" పెద్దాయనకు ఆ టెన్షన్ ఎందుకు?

ఇంకో మాట. ఇంటివైపు ముఖం పెట్టిన కారుకు ఎడమనుంచి వచ్చిన బండి, గేటు దగ్గరి సైడులో వస్తుంటే, తన సైడులోనే ఉన్నట్టు. రాంగ్ సైడ్ వాదన మీకు దొరకదు. కుడినుంచి వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది.

మరి మీకు మిగిలేది ఏమిటి? వేగం. దెబ్బ ఎక్కడ తగిలింది, అప్పటికి కారు ఎంత బయటికి వచ్చింది, కదులుతోందా లేక ఆగి ఉందా, రోడ్డు మీద బ్రేకు గీత ఉందా. ఆగి ఉన్న కారును వచ్చి గుద్దితే తప్పు తూకం బైకు వైపు మొగ్గుతుంది. ఇద్దరి అజాగ్రత్తా ఉందని ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు లాంటిది) అనుకుంటే, ఆ అబ్బాయి వాటా మేరకు అతని పరిహారం తగ్గుతుంది. ఇంత శాతం అని ముందే రాసిపెట్టిన లెక్క లేదు.

ట్రిపుల్ రైడింగ్, లైసెన్స్ లేకపోవడం మీకు పెద్ద ఆయుధాలుగా కనిపిస్తున్నట్టున్నాయి. అవి నేరాలే. కానీ లైసెన్స్ లేనంత మాత్రాన ప్రమాదంలో వాటా ఉన్నట్టు కాదని సుప్రీంకోర్టు 2008లో, ముగ్గురు ఎక్కినంత మాత్రాన అంతేనని 2020లో చెప్పింది. ముగ్గురు ఉండటం వల్లే బండి అదుపు తప్పిందని మీరు చూపించాలి. గేటుకు అడ్డంగా బండి ఆపడమూ తప్పే, కాబట్టి ఆ ఆటో సంగతి స్టేట్‌మెంట్‌లో చెప్పండి. అయితే కనిపించనప్పుడు ఇంకా నెమ్మదిగా రావాల్సింది మీరేనని కూడా అంటారు.

ఇక అసలు విషయం. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్రమైన గాయం అంటుంది. అజాగ్రత్త వల్ల అలాంటి గాయమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద మూడేళ్ల వరకు జైలు గానీ, 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉండవచ్చు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం గాయపడినవాడికి వైద్యం చేయించాలి, అది మీరు చేశారు. 24 గంటల్లో పోలీసులకు చెప్పాలి, ఇన్సూరెన్స్ వాళ్లకూ తెలపాలి, అవి చేయలేదు. గడువు దాటినా ఈ రోజే చేయండి.

డబ్బు ఎందుకు ఆపమన్నానంటే, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉన్నదే ఇలాంటి ఆసుపత్రి ఖర్చు కోసం. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవద్దు, డబ్బు ఇస్తాననవద్దు అని పాలసీలోనే షరతు ఉంటుంది. మీరిచ్చే అరవై వేలు కంపెనీ తిరిగి ఇవ్వదు. పైగా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే అతను సంతకం చేసిన కాగితానికి విలువ లేదు. తండ్రి సంతకం చేసినా, రేపు ఆ అబ్బాయి పేరున ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయరని భరోసా ఏమీ లేదు. మానవత్వంతో మందులకు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ "తప్పు నాదే" అని మాత్రం ఎక్కడా రాయకండి.

మైనరుకు బండి ఇస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఎ కింద తండ్రికీ, బండి ఓనరుకూ మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. దాన్ని వాళ్ల మీద బెదిరింపుగా వాడకండి. రాజీ కుదిరేదాన్ని చెడగొడుతుంది. మాట్లాడుకోవాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో, ఇన్సూరెన్స్ కంపెనీని కూర్చోబెట్టి మాట్లాడుకోండి. అక్కడి అవార్డుకు, అంటే అక్కడ ఇచ్చే తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

మీ కారు బంపర్ సొంత ఖర్చుతో బాగుచేయించుకోవచ్చు. చిన్న బిల్లుకు క్లెయిమ్ వేస్తే వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అయితే రిపేరుకు ఇచ్చే ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయించండి. ఎదురింట్లో సీసీ కెమెరా ఉంటే ఇవాళే వెళ్లి అడగండి. చాలా కెమెరాల్లో కొన్ని రోజులకే పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది, ఇప్పటికే వారం గడిచింది. ఫుటేజీ దొరికితే కోర్టులో చూపించడానికి సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అదీ వాళ్ల దగ్గరే అడిగి తీసుకోండి.