ఇంటిల్లిపాదీ చూసే కరాటే సినిమాలు ఏవండీ?

ప్రశ్న: సెలవులకి మా ఆడపడుచు పిల్లలు కూడా వచ్చారండి, ఇంట్లో మొత్తం ఐదుగురు. చిన్నవాడికి ఆరేళ్లు, పెద్దదానికి పద్నాలుగు. రోజూ కరాటే సినిమా పెట్టమని ఒకటే గొడవ. మొన్న ఏదో పెడితే మధ్యలో వచ్చిన సీనుకి మా అత్తగారు లేచి వెళ్లిపోయారు, మర్నాడు చిన్నవాడు అరుగు మీంచి ఎగిరి దూకి మోచెయ్యి గీరుకున్నాడు. అందరం కూర్చుని చూసేవి చెప్పండి. - ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఇలాంటి సినిమాల్లో ఎన్ని దెబ్బలు పడ్డాయన్నది నేను లెక్కపెట్టనమ్మా, దెబ్బ తిన్నవాడికి నొప్పి పుట్టినట్టు చూపించారా లేదా అన్నదే చూస్తాను. ఇరవై మందిని తన్ని చొక్కా నలగకుండా వెళ్లిపోయే హీరోని చూసిన పిల్లాడే అరుగు మీంచి దూకుతాడు.

మీ ఇంటికి మొదట పెట్టాల్సింది 1984 నాటి 'ది కరాటే కిడ్'. కరాటే నేర్పమని వచ్చిన కుర్రాడి చేత మియాగీ అనే పెద్దాయన కార్లు తుడిపిస్తాడు, నేల నున్నగా రుద్దిస్తాడు, కంచెకి రంగు వేయిస్తాడు, వాడికేమో నేర్పుతానని చెప్పి చాకిరీ చేయించుకుంటున్నాడని ఒళ్లు మండిపోతుంది. కారు తుడిచిన చెయ్యే దెబ్బ కాచుకునే చెయ్యి అని తెలిసే సీను దగ్గర టీవీ వదిలేసి మీ అత్తగారి మొహం చూడండి. గురువుగారింట్లో నీళ్లు మోసి, కట్టెలు కొట్టిన శిష్యుల కథలు విని పెరిగిన మనిషికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మియాగీగా వేసిన పాట్ మొరీటాకి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఒకచోట ఆయన తాగి, పోయిన భార్యని, బిడ్డని తలుచుకుంటాడు. తాగాడు కదా అని అది దాటేయకండి, మీ పెద్దమ్మాయికి అర్థమవుతుంది. 2010లో జాకీ చాన్‌తో మళ్లీ తీసినది బీజింగ్‌లో జరుగుతుంది, పేరు కరాటే, నేర్పేది కుంగ్ ఫూ! అందులో పిల్లలు తోటి పిల్లాణ్ణి కొట్టే తీరు మరీ మొరటు, ఆరేళ్లవాడికి వద్దంటాను.

వాడికి 'కుంగ్ ఫూ పాండా' (2008) ఉంది. అందులో పులి, కొంగ, కోతి, పాము, గొల్లభామ ఊరికే పెట్టిన జంతువులు కావు, చైనాలో నిజంగానే ఆ పేర్లతో కుంగ్ ఫూ పద్ధతులున్నాయి. లావుపాటి పాండాకి ఎంత నేర్పినా ఒక్క ముక్క ఎక్కదు గానీ, పై అరలో బిస్కెట్లున్నాయంటే మాత్రం గాల్లో కాళ్లు బార్లా చాపి నిలబడతాడు. మా ఇంట్లో పూతరేకుల డబ్బా అటక మీద దాచినప్పుడు ఇలాంటి విద్యలే చూశాను. రెండో భాగంలో (2011) పాండా కన్నతల్లి కథ వస్తుంది, చిన్నవాళ్లు ఏడుస్తారు, పక్కనే ఉండండి.

జాకీ చాన్ కావాలంటే 'ప్రాజెక్ట్ ఎ' (1983). గడియారం గోపురం మీంచి గుడ్డ పందిళ్లు చింపుకుంటూ కిందపడేది ఆయనే, డూపు కాదు. ఆయన సినిమాలు చాలావాటికి చివర్లో షూటింగ్‌లో తగిలిన దెబ్బలు చూపిస్తారు, అది అయ్యేదాకా టీవీ కట్టకండి, మీ చిన్నవాడికి కావాల్సింది అదే. 'డ్రంకెన్ మాస్టర్' మాత్రం వద్దు, తాగితే బలం వస్తుందని మన ఊళ్లలో కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. 'ఎంటర్ ది డ్రాగన్' (1973) పిల్లలు పడుకున్నాక మీరూ మీవారూ చూసుకోండి. బ్రూస్ లీ గొప్పతనంతో నాకు పేచీ లేదు గానీ, ఆ మత్తుమందుల వ్యవహారం, ఆడవాళ్లని అతిథుల గదులకి పంపడం... అత్తగారు మళ్లీ లేస్తారు. తెలుగులో 'తమ్ముడు' (1999) సరదాగా ఉంటుంది, కిక్ బాక్సింగ్ కథ. వేళ్ల మీంచి కారు పోనిచ్చే సీను ఉంది, ఎవరూ చెయ్యొద్దని ముందే గట్టిగా చెప్పండి.

అన్నట్టు, ఆరేళ్లవాడు సబ్‌టైటిల్స్ చదవలేడు. తెలుగు ఆడియో ఉందో లేదో ముందే చూసుకోకపోతే సినిమా అంతా కథ చెప్పే పని మీ నెత్తిన పడుతుంది.

ప్రశ్న: ఓటీటీలో యూ/ఏ 13+ అని ఉంటే ఏడేళ్ల పాపకి చూపించొచ్చా? - ఒక తండ్రి, భీమవరం

జవాబు: చూపించకూడదని కాదు, పదమూడేళ్ల లోపు పిల్లలు చూస్తుంటే పెద్దవాళ్లు తోడుండాలని. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ స్థాయి, ఆ పైవాటికి పేరెంటల్ లాక్ పెట్టుకునే వీలు కూడా ఉండాలి. ఫోన్ చూసుకుంటూ సోఫాలో ఉండటం తోడుండటం కాదండి.

ప్రశ్న: దసరాకి కత్తిసాము, కర్రసాము చేసే మన చెడీ తాలింఖానా ఉండగా ఈ చైనావాళ్ల గెంతులేంట్రా అని మా తాతగారు తిడుతున్నారు. ఏం చెప్పాలి? - ఎనిమిదో తరగతి కుర్రాడు, అమలాపురం

జవాబు: తాతగారితో వాదనకి నేను రాను బాబూ. కళ్లకి గంతలు కట్టుకుని, మనిషి ఒంటి మీద పెట్టిన కూరగాయని కత్తితో నరికేవాడికి రీటేక్ ఉండదు. ఒక పని చెయ్, కర్రతో కొట్టుకునే సీను రాగానే ఆపి, ఇది నిజంగా సామేనా, కెమెరా మాయా అని ఆయన్నే అడుగు. కర్ర ఎక్కడ పట్టుకున్నాడో చూస్తే సాము తెలిసినవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. ఆ తర్వాత రిమోట్ నీ చేతికి తిరిగొస్తుందన్న హామీ మాత్రం నేనివ్వను.