కడుపు నిండిన పిల్లి వేటకెందుకు పోతుంది?

ప్రశ్న: మాది బద్వేలు దగ్గర పల్లె. ఇంట్లో మూడేళ్ల పిల్లి ఉంది, పేరు చిట్టి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి పాలన్నం, ఆదివారం నాలుగు కోడికూర ముక్కలు పెడతాం. అయినా రోజు మార్చి రోజు ఎలుకనో బల్లినో పిచ్చుకనో నోట కరుచుకొచ్చి, మిద్దె మీద మా పడకల పక్కన పడేస్తోంది. చాలాసార్లు తినదు కూడా. తిండి చాలడం లేదా? మా అత్తగారేమో ఎక్కువ పెట్టబట్టే ఇట్లా తయారైంది, పస్తు పెడితే శనక్కాయ మూటల గదిలో ఎలుకలనైనా బాగా పడుతుంది అంటున్నారు. ఆ గదిలో అప్పుడప్పుడు ఎలుకల మందు కూడా పెడుతుంటాం. మా అమ్మాయి ఏడో నెల గర్భంతో ఇంటికి వచ్చింది. టెన్షన్‌గా ఉంది. పిల్లిని ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కడప జిల్లా

జవాబు: పిల్లిని నిశ్చింతగా ఉంచుకోండి. ఇంట్లోంచి పోవాల్సింది ఎలుకల మందు. మీరు రాసినదంతా చదివాక నాకు నిజంగా భయం వేసింది ఆ ఒక్క మాట దగ్గరే. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

మీ అత్తగారి మాట నేను ఇక్కడ చాలామంది నోట విన్నాను. పస్తు పెడితే వేట పెరుగుతుందన్నది కొంత నిజమే. కానీ కడుపు నింపితే వేట ఆగుతుందన్నది నిజం కాదు. పిల్లి మెదడులో ఆకలి స్విచ్ వేరు, వేట స్విచ్ వేరు. 1976లో వెలువడిన ఒక ప్రయోగంలో, ఇష్టమైన తిండి తింటున్న పిల్లుల ముందుకు బతికున్న ఎలుకను వదిలారు. అవి గిన్నె వదిలి వెళ్లి ఎలుకను చంపాయి. తర్వాత దాన్ని గిన్నె దగ్గరికి మోసుకొచ్చి పక్కన పెట్టి, మళ్లీ గిన్నెలోదే తిన్నాయి. మీ చిట్టి మిద్దె మీద చేస్తున్నదీ అదే.

ఇలా ఎందుకుంటుందో లెక్క వేస్తే తెలిసిపోతుంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కేలరీలు కావాలి. ఒక చుంచెలుకలో ఉండేది 30 దాకా. అంటే అడవిలో బతికే పిల్లి రోజుకు ఏడెనిమిదింటిని పట్టాలి. దూకిన ప్రతిసారీ దొరకదు కాబట్టి అంతకు ఎన్నో రెట్లు పొంచి ఉండాలి. ఆకలేసేదాకా కూర్చుంటే అది బతకదు. అందుకే కదిలే చిన్న ప్రాణి కంటపడితే చాలు, కడుపుతో పని లేకుండా ఒళ్లు దానంతటదే వంగి నేలకు అంటుకుంటుంది, తోక కొస అదురుతుంది. ఇంటి పిల్లి మనిషి దగ్గరికి చేరిందే సుమారు పదివేల ఏళ్ల కింద, ధాన్యం నిల్వల దగ్గర ఎలుకలు పట్టడానికి. ఆ పనిని మనమే మెచ్చుకుని పెంచుకున్నాం. ఇప్పుడు పెరుగన్నం పెట్టి మానేయమంటే వింటుందా?

పట్టినదాన్ని వెంటనే చంపకుండా ఆడించడం చూసి పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం. నిజానికి అందులో పిల్లి భయం కూడా ఉంది. ఎలుక తిరిగి కరిస్తే కన్నో మూతో పోతుంది. అందుకే అది అలిసిపోయేదాకా పంజాతో తోస్తూ ఉంటుంది. పడక పక్కన పడేయడం మీకు కానుక ఇవ్వడమని ఇంటర్నెట్‌లో రాస్తుంటారు. నాకు ఆ మాట మీద పెద్ద నమ్మకం లేదు. తల్లి పిల్లి వేటను కూనల దగ్గరికి తెస్తుంది, మిగతావి తమకు ధైర్యంగా ఉన్న చోటికి తెచ్చుకుంటాయి. చిట్టికి ఆ చోటు మీ మిద్దె. కాబట్టి తెచ్చినప్పుడు కొట్టొద్దు, అరవొద్దు. కొడితే వేట మానదు, మీ దగ్గరికి రావడం మానుతుంది.

ఇక తిండి. కడుపు నిండా పెడుతున్నామన్నారు, నిజమే, కానీ ఆ కడుపులో ఉన్నది అన్నం. పిల్లి మాంసం మీదే బతకాల్సిన జంతువు. టారిన్ అనే పోషకాన్ని అది సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. ఏళ్ల తరబడి అది తక్కువైతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. పాలు కూడా ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అరగవు, విరేచనాలవుతాయి. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ప్రచురించిన పరిశీలనలో, ధాన్యం లేకుండా మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. మీ అత్తగారు ఎక్కువ పెడుతున్నారన్నారు, మీరు చాలడం లేదేమో అన్నారు. ఎంత పెడుతున్నారన్నదాని కన్నా ఏం పెడుతున్నారన్నదే అసలు చూడాల్సింది.

షాపులో దొరికే పిల్లుల తిండి ప్యాకెట్లలో పూర్తి ఆహారం అని రాసి ఉన్నది తీసుకోండి. దాంతో పాటు రోజూ కాస్త ఉడికించిన కోడి మాంసమో, ముల్లు తీసిన చేపో, గుడ్డో పెట్టండి. ఉప్పు, కారం, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలు తగలకూడదు, పిల్లి రక్తకణాలను అవి దెబ్బతీస్తాయి. కూరలోంచి ముక్క తీసి కడిగి పెట్టడం కాదు, తాలింపు పెట్టకముందే విడిగా తీసి ఉడికించాలి. ఉడికిన నీళ్లు పారబోయకండి, టారిన్ చాలా వరకు అందులోకే దిగిపోతుంది. చల్లార్చి ముక్కల మీదే పోయండి. ఉడికిన ఎముకలు మాత్రం వేయొద్దు, చీలికలై గుచ్చుకుంటాయి. వట్టి కోడి మాంసమొక్కటే పెడితే క్యాల్షియం చాలదు, అందుకే ప్యాకెట్ తిండి కూడా ఉండాలంటున్నాను. ఒక్కరోజులో మార్చేయకుండా వారం పది రోజుల్లో అన్నం తగ్గిస్తూ రండి.

అదే పరిశీలనలో రోజుకు అయిదు పది నిమిషాలు పిల్లితో ఆడినవాళ్లకు పావు వంతు తేడా కనిపించింది. దీనికి రూపాయి ఖర్చు లేదు. పుల్లకు దారం కట్టి, కొసన కోడి ఈక ముడేసి, నేల మీద ఎలుక పరుగెత్తినట్టు లాగండి. చివర్లో దానికి దొరకనివ్వండి, వెంటనే తిండి పెట్టండి. మీ చేతిని మాత్రం ఎరగా ఆడించొద్దు. ఆట అయ్యాక దారం దాచేయండి, మింగితే పేగులు కోసుకుపోయి ఆపరేషన్ దాకా వస్తుంది. మెడలో గంట కట్టిన పిల్లుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ముదురు రంగుల గుడ్డ పట్టీ కట్టినవాటిలో పక్షుల వేట 42 శాతం తగ్గింది గానీ ఎలుకల వేట తగ్గలేదు. మీకు కావాల్సిందీ అదేగా! పట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే దానంతటదే ఊడిపోయేది కావాలి.

తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ దాన్ని ఇంట్లోనే ఉంచితే ఇంకా మంచిది, పిల్లులు ఎక్కువగా చురుగ్గా ఉండే సమయాలవి. మీ ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. లంకమల అడవి మీకు పక్కనే. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే అరుదైన పక్షి 1986లో మళ్లీ దొరికింది అక్కడే. మీ చిట్టి దాన్ని పట్టిందని కాదు. కౌజులు, తీతువుల్లాంటివి కూడా ఆ చిట్టడవుల్లో నేల మీదే గుడ్లు పెడతాయి. పల్లె దాటి పొదల్లోకి పోయే పిల్లి వాటికి మంచిది కాదు. ఎండాకాలం రాత్రుళ్లు అక్కడ రక్తపింజరి ఎదురైతే పిల్లికీ మంచిది కాదు.

ఇప్పుడు ఎలుకల మందు. కేకుల్లా అమ్మే బ్రోమడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, రెండు మూడు రోజులు మత్తుగా తిరుగుతుంది. పిల్లికి సులువుగా దొరికేది అదే. అలాంటి ఎలుకల్ని తింటే విషం పిల్లికి ఎక్కుతుంది, రక్తం గడ్డకట్టదు. లక్షణాలు కూడా మూడు నుంచి అయిదు రోజులకు గానీ బయటపడవు. చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం, నల్లటి విరేచనం, ఆయాసం – వీటిలో ఏది కనిపించినా ఆ పూటే పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి, మందు అట్టపెట్టె కూడా వెంట పెట్టుకోండి. విటమిన్ కె1 వారాల తరబడి ఇవ్వాల్సి వస్తుంది, కానీ చాలా వరకు బతుకుతాయి. నల్లపొడిలా ఉండే జింక్ ఫాస్ఫైడ్ అయితే గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. ఆ వాంతి నుంచి వచ్చే వాయువు మనుషులకూ విషమే, ఆటోలో తెస్తుంటే గాలి ఆడేలా చూడండి. ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం చేయొద్దు. శనక్కాయ గదికి ఎలుకల బోను పెట్టండి, మూటలను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు దూరంగా పేర్చండి.

బల్లుల విషయం చాలామందికి తెలియదు. వేడి ప్రాంతాల్లో బల్లుల ద్వారా పిల్లి కాలేయంలోకి చేరే ఒక పరాన్నజీవి ఉంది. తిండి మానేసి చిక్కిపోతూ కళ్లు, చెవుల లోపలి చర్మం పచ్చబడితే అనుమానించాలి. మామూలు నులిపురుగుల మాత్రతో అది పోదు.

మీ అమ్మాయి గురించి. ఎలుకలను, పక్షులను తిన్న పిల్లికి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకవచ్చు, గర్భిణికి అంటుకుంటే అది కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు. సోకిన కొత్తలో ఒకటి నుంచి మూడు వారాల పాటు దాని మలంలో గుడ్ల వంటివి వస్తాయి. అవి బయటపడ్డ ఒకటి నుంచి అయిదు రోజులకు గానీ అంటుకునే స్థితికి రావు. కాబట్టి మలం రోజూ ఎత్తేస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. ఎత్తే పని మీ అమ్మాయి చేయకూడదు, మట్టి పని కూడా వద్దు. చచ్చిన ఎలుకను మీరైనా చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కునే తీయండి. పిల్లిని నిమిరినంత మాత్రాన ఏమీ కాదు. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల నుంచి కూడా ఇది వస్తుంది, వంటింట్లోనూ అంతే జాగ్రత్త కావాలి. ఇంట్లో పిల్లి ఉందని కాన్పు చేసే డాక్టర్‌కు ఒక మాట చెప్పండి.

రేబిస్ టీకా గురించి మీరు రాయలేదు. వేయించి ఏడాది దాటితే ఈ వారమే వేయించండి, నులిపురుగుల మందు అప్పుడే పిల్లిని తూకం వేయించి ఇప్పించండి. వేటాడే పిల్లికి మూడు నెలలకోసారి కావాలి. ఈలోగా అది ఎవరినైనా గీరినా కరిచినా పావుగంట సేపు సబ్బుతో పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.